ఎర్ర టేపు

వ్యాన్ మొదటి మలుపు తిరిగేసరికి వెనక ట్రాలీలో కట్టిన సైకిళ్ళన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని గలగలమన్నాయి. అన్ని చప్పుళ్ళలోనూ తన సైకిల్ చప్పుడేదో ఆ పిల్లకి తెలుస్తూనే ఉంది, కొంచెం బొంగురుగా, గొలుసు మీద మట్టి ఎండిపోతే వచ్చే చప్పుడు, నిన్న కడగాలనుకుంది, కడగలేదు, ఈ మూడు నెలలుగా ఆ సైకిల్ని ముట్టుకోవాలంటే చేతులు వెనక్కి పోతున్నాయి. కొండ మీదికి ఇరవై రెండు మలుపులు. వానకి రోడ్డంతా బురద కాబట్టి డ్రైవర్ బాబాయి దూడని తోలినట్టు మెల్లగా తోలుతున్నాడు, గంట పడుతుంది. గంట చాలు. గంటలో మూడు మాటలు చెప్పలేని మనిషి ఉంటుందా. బ్రేకులు నేనే మార్చాను. మూడే మాటలు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చున్న అత్త వీపు కనిపిస్తోంది, మెడ చుట్టూ ఈలకి కట్టిన పసుపు తాడు కనిపిస్తోంది. పైన సైకిళ్ళ క్యాంపు మేనేజర్ కాచుకుని ఉంటాడు. అత్త ఆ ఈల తీసి ఆయన చేతిలో పెట్టేస్తుంది, ఇక కొండ జోలికి రానంటుంది. పదేళ్ళుగా కొత్తవాళ్ళకి సైకిల్ మీద కొండ దిగడం నేర్పిన మనిషి, తన చెయ్యి తనకే ద్రోహం చేసిందని నమ్మి మానేస్తోంది. ఆ చెయ్యి ఏ పాపమూ ఎరగదని ఈ లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్క మనిషీ మూడో సీట్లో కిటికీ పక్కన, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుని ఉంది.

ఇంట్లో చెప్పి ఉండొచ్చు. మూడు నెలలు ఒకే ఇల్లు, ఒకే గది, అటు గోడకి అత్త మంచం, ఇటు గోడకి తన మంచం. కట్టు కట్టిన చేత్తో అత్త జడ వేసుకోలేకపోతే తనే వేసేది, వెనక నిలబడి, అత్త ముఖం కనపడదు కాబట్టి ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేది, మూడు పాయలు విడదీసేది, ఒక్కో పాయకీ ఒక్కో మాట, బ్రేకులు, నేనే, మార్చాను, అలా అల్లుకుంటూ అల్లుకుంటూ చివరికొచ్చేసరికి రబ్బరు బ్యాండు వేసేసేది. అత్త తల తిప్పి అద్దంలో చూసుకుని, బాగా వేశావే, అనేది. ఆ మెచ్చుకోలు ఒకటి మళ్ళీ. డైరీలోనైనా రాసుకుందా అంటే అదీ లేదు. రోజూ ఏ కూర తిన్నదీ ఏ టీచరు తిట్టిందీ పూసగుచ్చినట్టు రాసుకునే పిల్ల, ఆ రోజు పేజీలో మాత్రం ‘అత్త పడింది’ అని రెండు మాటలు రాసి ఊరుకుంది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా మూడో మాటకి చెయ్యి ఆడలేదు. అత్త పడింది. ఎంత శుభ్రమైన వాక్యం, అందులో తను ఎక్కడా లేదు.

మూడో మలుపు. ఇక్కడ ఎప్పుడూ టైరు కాలిన వాసన వస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. అత్త అంటే నాన్నకి చెల్లెలు. ఊళ్ళో పదో తరగతి అయ్యాక, ఈ పిల్ల నోట్లో నాలుక లేదు, నీ దగ్గర రెండేళ్ళుంటే చదువుతో పాటు నాలుగు మాటలు కూడా వస్తాయి అని నాన్న ఆమెను అత్త ఇంట్లో దించి వెళ్ళాడు. అత్త మాటలు నేర్పలేదు, సైకిలెక్కించింది. వ్యాన్‌లో కొండ పైకి వెళ్ళడం, అడవిలో మనిషి వెడల్పు దారి పట్టుకుని వేర్ల మీదుగా రాళ్ళ మీదుగా కిందికి దిగిపోవడం, మళ్ళీ వ్యాన్. తొక్కే పనే ఉండదే, ఆపే పనే అంతా, అని అత్త మొదటిరోజే చెప్పింది. పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి, కుర్చీలోంచి సగం లేచిన దానిలా లేచి నిలబడమంది, మోచేతులు కోడిరెక్కల్లా పక్కకి తెరవమంది, చక్రాన్ని చూడకు, చక్రం ఎక్కడికీ పోదు, నువ్వు పోవాల్సిన చోటు చూడు, అంది. ఈ కొండ మీద ఏ సైకిల్ అయినా సరే ఎడమ చెయ్యి ముందు బ్రేకు, కుడి చెయ్యి వెనక బ్రేకు. ముందు బ్రేకుతో మామగారితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడాలి, వెనక దాన్ని ఎలా పిలిచినా పలుకుతుంది, అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది కానీ చేతుల వైపు చూసుకుంది. ఊళ్ళో తను బడికి తొక్కిన సైకిల్‌కి కుడి చెయ్యే ముందు బ్రేకు. అసలు ఆ సైకిల్‌కి పనిచేసేది ఆ ఒక్క బ్రేకే, ఎడమ పిడికి వైరు తెగిపోయింది, భయమేసినప్పుడు దాన్ని ఎంత బిగించి పట్టుకున్నా ఏమీ అయ్యేది కాదు. ఊరందరి సైకిళ్ళూ బాగుచేసే నాన్నకి ఇంట్లో సైకిల్ కంటికి ఆనలేదు, నాలుగేళ్ళూ ఎడమ బ్రేకు పనంతా ఆమె చెప్పు మడమే చేసింది. బడి దారి బల్లపరుపు నేల, అక్కడ ఏ చెయ్యి ఎంత నొక్కినా ఏమీ కాలేదు. ఇక్కడ అలా కాదు. కంగారు పడ్డప్పుడు వెనక బ్రేకుకి కుడి చెయ్యి నొక్కాలని తెలిసీ, చెయ్యి మాత్రం ఊళ్ళో ఉన్నట్టే ఉండి, ఎడమది బిగించి పట్టేసేది, మొదటి వారంలో ఏడుసార్లు సైకిల్ ముందుకి తను ముందుకి. ఆ భయంతో రెండో వారం నుంచీ రెండు చేతులూ వదలకుండా పట్టుకుని, చక్రాలు కీచుమంటుంటే ఈడ్చుకుంటూ దిగేది. అది చూసి డ్రైవర్ బాబాయి, అత్త వెనక నత్త వస్తోంది చూడండి, అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి కొండంతటికీ ఆమె నత్త. అత్త కూడా నత్తా అనే పిలిచేది, ఇంట్లో, బజార్లో, కాలేజీ గేటు దగ్గర కూడా. అసలు పేరు పుస్తకాల అట్టల మీదే మిగిలింది. తనకేమీ అనిపించలేదు, నిజం చెప్పాలంటే ఇష్టంగానే ఉండేది, ఒక మనిషి మనకి పెట్టుకున్న పేరు.

ఎంత పని, నా చేతులకి అలవాటు వేరు అత్తా, అంటే సరిపోయేది. అత్త ఓ వారం ఎక్కువ నేర్పేది, లేదా నవ్వి, అదా సంగతి, అని తనే మార్చి ఇచ్చేది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం చుట్టూ ఐదారుగురు కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు, అందరూ పెద్దవాళ్ళు, పట్నం వాళ్ళు, వాళ్ళ మధ్యన గొంతు పెగల్చుకుని మా ఊళ్ళో సైకిల్‌కి ఒకటే బ్రేకు అని చెప్పడం కన్నా పడి మోకాలు చెక్కుకోవడమే నయమనిపించింది. నోటితో చెప్పుకోలేనిది పానాతో సరిచేసుకుంది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కొండ కింద సైకిళ్ళ షెడ్డులోకి వెళ్ళింది. తన సైకిల్ పాతది, వైరు బ్రేకులది. సైకిల్ షాపతని కూతురికి అదొక పనా, రెండు వైర్లూ విప్పి, కుడిది ఎడమకి ఎడమది కుడికి తగిలించి, బిగించి, చక్రాలు తిప్పి చూసుకుంది, పావుగంట కూడా పట్టలేదు. కుడి చెయ్యి ముందు చక్రం. బడికి వెళ్ళే దారి మళ్ళీ చేతుల్లోకి వచ్చినట్టు, ఏడుపొచ్చినంత హాయిగా అనిపించింది.

షెడ్డు తలుపు పక్కన మేకుకి ఎర్ర టేపు చుట్ట వేలాడుతూ ఉంటుంది. అక్కడ రాసిపెట్టిన నియమం ఏదీ లేదు, మెకానిక్ తాత నోటి మాటే నియమం. ఎవరు ఏ సైకిల్ బ్రేకు ముట్టుకున్నా ఆ పిడికి ఒక ఎర్ర ముక్క అంటించాలి. ఇంకొకరెవరైనా ఆ సైకిల్ని వాకిట్లో ఒక చుట్టు తిప్పి చూసి, బాగుందనుకుంటే ఆ ముక్క పీకేస్తారు. ఎవరి టేపు వాళ్ళు పీక్కోకూడదు. ఎర్ర ముక్క ఉన్న సైకిల్ కొండెక్కకూడదు. మేనేజర్ అంతటివాడు అంటించినా సరే ఇంకొకరు పీకాల్సిందే. అందుకే ఆ కొండ మీద ఎవరి సైకిల్ అయినా ఎవరైనా కళ్ళు మూసుకుని ఎక్కేస్తారు. ఆ మధ్యాహ్నం తను కూడా టేపు అంటించింది, రెండు పిడులకీ. అంటించి, తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. తాత వస్తాడు, చుట్టు తిప్పుతాడు, ఇదేమిటి తారుమారుగా ఉంది అంటాడు, ఆయనకి ఒక చెవి వినపడదు కాబట్టి గట్టిగా అంటాడు, అందరూ వస్తారు. వంటగది నుంచి పళ్ళాల చప్పుడు వినిపించింది, ఎవరో చేతులు కడుక్కుంటున్నారు. లేచి రెండు ముక్కలూ పీకేసింది. ఒకటి చెత్తబుట్టలో పడింది, ఒకటి వేలికే అంటుకుని ఎంతకీ రాకపోతే, అడుగుల చప్పుడు దగ్గరకొస్తుంటే, రెయిన్‌కోటు జేబులో తుడిచేసుకుంది. ఆ ముక్క ఇప్పటికీ జేబులోనే ఉంది. గట్టిపడి, దారప్పోగులు అంటుకుని, ఎప్పుడు చెయ్యి పెట్టినా గోటికి తగులుతుంది.

ఆ మర్నాడు పైనుంచి కిందికి ఒక్కసారి కూడా పడకుండా దిగింది. అత్త కింద నిలబడి చూస్తూ ఉంది. ఒరేయ్ బాబాయ్, మన నత్తకి కాళ్ళొచ్చాయి చూడు, అని అరిచింది. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, అన్నయ్యా నీ కూతురి చేతులు బంగారం, ఒక్కసారి చెప్తే పట్టేసుకుంది, అంది. పక్క గదిలోంచి విన్నది ఆ పిల్ల. ఆ మాట వెచ్చగా దుప్పటిలా కప్పుకుంది. ఇక ఆ తర్వాత చెప్పడమంటే బ్రేకుల సంగతి చెప్పడం కాదు కదా, బంగారం కాదని చెప్పడం. రేపు చెప్దాం అనుకుంది. ఆరు వారాలు రేపు రేపు అనుకుంది.

ఎనిమిదో మలుపు దగ్గర, పక్కన కూర్చున్న దర్జీ ఆవిడ మోచేత్తో మెల్లగా పొడిచింది. ఇవాళే కొత్తగా చేరింది ఆవిడ, నలభై దాటి ఉంటాయి, చూపుడు వేలి కొసన సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు. ముప్పయ్యేళ్ళు కుట్టు మిషన్ ముందు వంగి కూర్చున్నాను, ఒక్కసారైనా దేని మీదైనా లేచి నిలబడి పోవాలనిపించింది అని ఎక్కగానే అందరికీ చెప్పేసింది, ఎంత తేలిగ్గా చెప్పేసింది, కొందరికి మాటలు అలా వస్తాయి.

“అమ్మాయ్, ముందు బ్రేకు ఏ చెయ్యి? ఇందాక కింద చెప్పారు గానీ నాకు అప్పుడే కలిసిపోయాయి” అంది ఆవిడ.

ఆ పిల్ల నోరు తెరిచేలోపే ముందు సీటు నుంచి అత్త, వెనక్కి తిరక్కుండానే, “నన్ను మాత్రం అడక్కండి. పదేళ్ళు నేర్పాక నాకే తెలియకుండా పోయింది. దాన్నే అడగండి, దాని చెయ్యి తప్పదు” అంది.

వ్యాన్‌లో అందరూ నవ్వారు, డ్రైవర్ బాబాయి మాత్రం నవ్వలేదు, గేరు మార్చాడు. ఎడమ అండీ, అంది ఆ పిల్ల. ఎడమ ముందు. కుడి వెనక. ఆవిడ రెండు చేతులూ గాల్లోకి చాచి పిడికిళ్ళు బిగించి వదిలి, ఎడమ ముందు, కుడి వెనక, ఎడమ ముందు, కుడి వెనక అని పాఠం చదివినట్టు చదువుకుంటోంది. అత్త నవ్వించింది. మూడు నెలల నుంచీ అత్త ఆ ఒక్క సంగతి మీదే హాస్యాలాడుతోంది, చెప్పులు వేసుకునేటప్పుడు, ఏది ఎడమో నువ్వే చెప్పాలమ్మా నత్తా, అంటుంది. టీ కప్పు అందిస్తే, ఏ చేత్తో తీసుకోమంటావు, అంటుంది. పుండు మీద పొక్కు గిల్లుకున్నట్టు. ఒకరు గిల్లుకుంటుంటే ఇంకొకరు చూస్తూ నవ్వాలి.

ఆ రోజు కూడా వాన పడి వెలిసింది. దారి మొదట్లో ఒక పెద్ద మలుపు, అది దాటాక ఒక రాతి మెట్టు, మోకాలెత్తు ఉంటుంది, దాని కింద నున్నటి బండ, బండ కింద రాళ్ళు. దాన్ని ముసలమ్మ మెట్టు అంటారు, కొత్తవాళ్ళంతా అక్కడ సైకిల్ దిగి నడుం వంచుకుని ముసలమ్మల్లా దించుకుంటారు కాబట్టి. బ్రేకులు మార్చుకుని ఆరు వారాలైనా ఆ పిల్ల ఆ మెట్టు మీదినుంచి దూకలేదు, ప్రతిసారీ దిగి నడిచేది. వెనక బ్రేకు గట్టిగా పట్టి వేగం తగ్గించి, బరువు వెనక్కి వేసి వదిలెయ్యడమే, అని అత్త వందసార్లు చెప్పింది. ఆ రోజు అత్తకి విసుగొచ్చింది. ఇటివ్వు, నీ సైకిల్ మీదే దిగి చూపిస్తాను, అప్పుడు సైకిల్ మీద నెపం పెట్టలేవు, అంది. అత్తా, సైకిల్, అంది ఆ పిల్ల. ఆ రెండు మాటలూ అంది. దేవుడి మీద ఒట్టు, అంది. ఇదిగో, అప్పుడే నెపం మొదలుపెట్టావు, అని అత్త నవ్వి సైకిల్ లాక్కుంది. రెండు పిడులూ నొక్కి చూసింది, రెండూ గట్టిగా పట్టాయి. పిడుల మీద ఎర్ర టేపు లేదు. ఇంక చూసేదేముంది. ఈ మూడు నెలలుగా ఆ పిల్ల ఆ రెండు మాటల్నే పట్టుకుని వేలాడుతోంది, నేను చెప్పబోయాను, నేను నోరు తెరిచాను, తనే వినలేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా ఆమెకు తెలుసు కదా. అత్త వెంటనే దిగలేదు. వేగం కోసం సైకిల్ నెట్టుకుంటూ మలుపు పైదాకా వెనక్కి వెళ్ళింది, బురదలో, నూరు అడుగులు, నూటయాభై అడుగులు, మధ్యలో ఒకచోట ఆగి బూటుకి అంటిన మట్టి రాయికి రాసుకుంది కూడా. అంతసేపూ ఆ పిల్ల మెట్టు పక్కన నిలబడి ఆ వీపునే చూసింది. పిలిస్తే వినపడేంత దూరం. పైగా అడవిలో చడీచప్పుడూ లేదు. మొదటి మలుపులో బ్రేకు పట్టగానే తెలిసిపోతుందిలే, తనే దిగి వచ్చి నాలుగు తిడుతుందిలే, అనుకుంది. మొదటి మలుపులో అత్త బ్రేకు పట్టదని కొండ మీద పిల్లాపాపలకి కూడా తెలుసు, అది అత్త గర్వం. ఆ పిల్లకీ తెలుసు. తెలిసే అనుకుంది.

అత్త వచ్చింది. పక్షిలా వచ్చింది. మెట్టు ముందు, పదేళ్ళ అలవాటు ఎలా ఉంటుందో అలా, కుడి చెయ్యి గట్టిగా నొక్కింది, వెనక చక్రమనుకుని. ముందు చక్రం నిలువునా ఆగిపోయింది. ఆ తర్వాతది గుర్తుచేసుకోవడం ఆమెకు ఇష్టం ఉండదు, కానీ గుర్తుకు రావడానికి ఇష్టంతో పనేముంది. చప్పుడు. చప్పుడు కన్నా ముందు, గాల్లో ఉండగా అత్త ముఖంలో కనిపించిన ఆశ్చర్యం. భయం కాదు, ఎవరో బాగా తెలిసినవాళ్ళు చెంప మీద కొడితే కలిగే ఆశ్చర్యం.

పదమూడో మలుపు. అత్తకి విరిగినవి కుడి మణికట్టు, భుజం దగ్గర ఎముక. చప్పుడు విని పైన వ్యాన్ దగ్గరున్న వాళ్ళంతా పరుగున వచ్చి అత్తని మోసుకుని కిందికి వెళ్ళారు. సైకిల్ నువ్వు తీసుకురా నత్తా అని డ్రైవర్ బాబాయి ఆమెకు చెప్పి పరుగెత్తాడు. తీసుకొచ్చింది. షెడ్డులో ఎవరూ లేరు, అందరూ ఆస్పత్రికి వెళ్ళారు. ఆ మొదటిది పిరికితనం, చిన్నతనం, సిగ్గు, ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి ఏం పేరు పెట్టాలి. ఆస్పత్రిలో అత్త చేతికి ఎముకలు సరిచేస్తూ ఉండి ఉంటారు, సరిగ్గా అప్పుడు, అదే పానాతో, వణక్కుండా, వైర్లు ఎక్కడివి అక్కడ తగిలించేసింది. ఒక్క వేలు కూడా వణకలేదు. నాన్న నేర్పిన పని. మర్నాడు మెకానిక్ తాత వచ్చి చక్రాలు తిప్పి, ఎడమ ముందు, కుడి వెనక, అంతా శుభ్రంగా ఉంది, సైకిల్‌లో ఏ లోపమూ లేదు అని తేల్చేశాడు. సైకిల్‌లో లోపం లేకపోతే ఇక మనిషిలోనే ఉండాలి. అత్త మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ, నేను కుడిదే నొక్కానే, నాకు బాగా గుర్తు, కానీ ఆగింది ముందు చక్రం, అంటే నొక్కింది ఎడమదే అయుండాలి, నా చెయ్యి నాకే అబద్ధం చెప్తోంది, అంది. అనీ అనీ చివరికి నమ్మింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు, డాక్టరు ఇక తొక్కుకోవచ్చన్నాడు. అత్త సైకిల్ దగ్గరికి వెళ్ళి రెండు పిడుల మీదా చేతులు వేసి నిలబడి, నిలబడి, వచ్చేసింది. నన్ను నేను నమ్మలేని దాన్ని ఇంకొకళ్ళకి ఏం నేర్పుతాను, అంది. అదే రోజు మేనేజర్‌కి చెప్పేసింది.

పదిహేడో మలుపు దగ్గర వ్యాన్ ఆగింది. వానకి విరిగిన కొమ్మ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. మగవాళ్ళు దిగి దాన్ని లాగుతున్నారు, దర్జీ ఆవిడ కూడా దిగి, అటు కాదు ఇటు లాగండి అని వాళ్ళకి నేర్పుతోంది. వ్యాన్‌లో ఇద్దరే మిగిలారు. దేవుడు ఇంతకన్నా ఎలా చెప్తాడు. అత్తా, అంది. అత్త సీటు మీదినుంచి వెనక్కి తిరిగింది, చాలా రోజుల తర్వాత అత్త ముఖం ఎదురుగా, ఇంత దగ్గరగా. కళ్ళ కింద నల్లగా ఉంది.

“ఏమే, భయమేస్తోందా?” అంది అత్త. “ఏం భయపడకు. మేనేజర్‌తో మాట్లాడాను. కొత్తవాళ్ళ పక్కన నడవడానికి ఒక మనిషి కావాలన్నాడు, మా నత్తని పెట్టుకోండి అన్నాను. మాట తక్కువే గానీ అది చేసిన పనిలో వంక ఉండదన్నాను. నువ్వున్నావు కాబట్టే ధైర్యంగా వదిలి వెళ్తున్నాను.”

ఆ పిల్ల మాట మొదలుపెట్టబోయి దగ్గింది. నీళ్ళు తాగు, అని అత్త సీసా అందించింది, కుడి చేత్తో, సగంలో ఆగి ఆ చేతిని ఒకసారి చూసుకుని ఎడమ చేతికి మార్చుకుని అందించింది. ఆ మార్చుకోవడం చూశాక ఆ పిల్లకి ఒకటి అర్థమైంది. తను ఇన్నాళ్ళూ దాచుకుంటున్నది తన తప్పుని కాదు. అత్త చేతిని. అత్త నుంచి అత్త చేతిని తీసి, తన జేబులో పెట్టుకుని తిరుగుతోంది. కొమ్మ పక్కకి వెళ్ళింది. అందరూ తడి చేతులు దులుపుకుంటూ ఎక్కారు. వ్యాన్ కదిలింది.

పద్దెనిమిది, పందొమ్మిది. దర్జీ ఆవిడ చదువుకుంటూనే ఉంది. ఎడమ ముందు, కుడి వెనక. కిటికీ అద్దం మీద ఒక చినుకు జారుతూ ఇంకో చినుకుని కలుపుకుని లావై జారుతోంది. చెప్తే ఏమవుతుంది. నాన్నకి ఫోన్ వెళ్తుంది. బంగారం మాట వెనక్కి వెళ్ళిపోతుంది. ఊరికి పంపించేస్తారేమో, పంపించకపోతే అంతకన్నా కష్టం, అదే గది, అటు మంచం ఇటు మంచం, జడ వేయించుకోని అత్త. చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు. అదే, ఏమీ కాదు. అత్త చెప్పుల దగ్గరా టీ కప్పు దగ్గరా హాస్యాలాడుతూ ముసలిదవుతుంది. ఇరవై, ఇరవై ఒకటి. జేబులో వేలికి ఎర్ర ముక్క తగిలింది.

పైన చలిగాలి. మేనేజర్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. సైకిళ్ళు దించుతున్నారు, ఒక్కొక్కరికీ ఎవరి సైకిల్ వాళ్ళకి. అత్త మెడలోంచి పసుపు తాడు తీసింది, జడకి చిక్కుకుంటే రెండోసారి లాగింది, ఈల ఆయన చేతిలో పెట్టింది. అంతసేపూ మనసులో సాధన చేసిన మూడు మాటలూ ఆ పిల్లకి ఆ క్షణంలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. సైకిల్ నడిపించుకుంటూ అత్త ముందుకి వెళ్ళి నిలబడింది. జేబులోంచి ఆ ఎండిన టేపు ముక్క తీసి కుడి పిడికి అంటించబోయింది. నాలుగున్నర నెలల నాటి టేపు, అది అంటుకోలేదు, జారి బురదలో పడింది. వంగి తీసి, మళ్ళీ పిడి మీద పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకుని నిలబడింది.

“ఏంటది?” అంది అత్త.

“ఇది నేనే పెట్టాను. నేనే తీసేశాను. బ్రేకులు నేనే మార్చాను అత్తా. ఆ రోజు నువ్వు నొక్కింది కుడిదే.”

అత్త ఆ ఎర్ర ముక్కని చూసింది, పిడిని చూసింది, వైరు వెంట కింది దాకా చూపు పోనిచ్చింది. తెలివైన మనిషి, అన్నీ చెప్పించుకోదు. ఒక్కటే అడిగింది.

“మళ్ళీ ఎప్పుడు మార్చావు?”

“నువ్వు ఆస్పత్రిలో ఉండగా.”

కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది. అత్త ఆమె వైపు చూడలేదు. తన కుడి చేతిని పైకెత్తి, ముఖం ముందు పెట్టుకుని, వేళ్ళు ముడిచి తెరిచింది, ముడిచి తెరిచింది, ఊరెళ్ళి చాలా కాలానికి తిరిగొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి చూసుకున్నట్టు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళు ఆ చేతి కోసమే, ఇంకెవరి కోసమూ కాదు. తర్వాత మేనేజర్ దగ్గరికి వెళ్ళి, అదే చేత్తో ఈల వెనక్కి తీసుకుంది. ఆయన ఏదో అడిగాడు, అత్త తల అడ్డంగా ఊపింది. పసుపు తాడు మెడలో వేసుకుని ఈల ఊదింది. కొత్తవాళ్ళంతా వరసలో నిలబడ్డారు, దర్జీ ఆవిడ అందరికన్నా ముందు.

“మొదటి సంగతి. ఏ చెయ్యి ఏ చక్రమో ఎవరికి వాళ్ళు నెట్టి, నొక్కి చూసుకోండి. నేను చెప్పానని నమ్మకండి. పక్కవాళ్ళు చెప్పారని నమ్మకండి” అంది అత్త. మెడలో తాడు సరిచేసుకుని, “ఎవరూ ఏమీ చెప్పలేదని అసలు నమ్మకండి” అంది.

అందరూ సైకిళ్ళు అటూ ఇటూ నెట్టుకుంటూ పిడులు నొక్కి చూసుకుంటున్నారు. ఆ పిల్ల టేపు ముక్కని ఇంకా బొటనవేలితో నొక్కిపట్టుకునే ఉంది, వదిలితే పడిపోతుంది. అత్త అప్పుడు ఆమెను పిలిచింది. నత్తా అని కాదు. పుస్తకాల అట్టల మీద ఉండే పేరుతో, పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గకుండా, హాజరు పిలిచినట్టు పిలిచి, నువ్వు చివర నిలబడు, అంది. నత్త అయ్యాక అత్త నోట ఆ పేరు వినడం ఆమెకు అదే మొదటిసారి. వెళ్ళి చివర నిలబడింది.